నాలుగు గాట్ల కొవ్వొత్తి

అనగనగా కాలువకి ఇవతలి గట్టున ఒక ఊరు. దాని పేరు తుంగలమెరక. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ తుంగచాపలు అల్లేవాళ్ళు. తుంగ కోసుకొచ్చేది ఆడవాళ్ళు. ఎండబెట్టేది ఆడవాళ్ళు. చీల్చి, తడిపి, అల్లేది ఆడవాళ్ళు. తీసుకెళ్ళి సంతలో పరిచేది మగవాళ్ళు. అందుకని వాటిని దేవసహాయం చాపలు, జకరయ్య చాపలు అనేవాళ్ళు.

నవ్వకు. ఉన్నమాటే చెబుతున్నా. దుప్పటి మెడదాకా లాక్కో.

ఆ ఊళ్ళో పెంకులు కప్పిన చర్చి ఒకటి ఉండేది. ముందు వరండా, పక్కన గంట. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు వస్తాయి కదా, ఆగమన కాలం అంటాం కదా, అది మొదలైన రోజున ఆ చర్చిలో ఇంటికో కొవ్వొత్తి ఇచ్చేవాళ్ళు. లావుపాటి తెల్ల కొవ్వొత్తి. దాని ఒంటి మీద కత్తితో నాలుగు గాట్లు పెట్టి ఉండేవి. వారానికి ఒక గాటు కాలాలి. రోజుకి పది నిమిషాలు వెలిగిస్తే సరిపోతుంది.

దానికి మూడు నియమాలు. కొవ్వొత్తి ముందు ఒక మనిషి కూచోవాలి. ఆ మనిషి చేతుల్లో ఏ పనీ ఉండకూడదు. మనిషి లేచిపోతే కొవ్వొత్తి వెలగకూడదు.

ఆ పది నిమిషాలూ ఏం చెయ్యాలంటావా? ఏమీ చెయ్యకూడదు. రాబోయేవాడి కోసం ఎదురుచూడాలి. అంతే.

ఎవరు కూచోవాలో నియమంలో లేదు. లేకపోయినా అందరికీ తెలుసు, ఇంటి ఆడది కూచోవాలి. మగవాళ్ళు ఎందుకు కూచోరంటే ఏం చెప్పను. వాళ్ళ చేతులు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి, మళ్ళీ ప్రత్యేకంగా కూచోవడం ఎందుకనుకున్నారేమో.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మిగిలిన కొసలన్నీ చర్చిలో అప్పగించాలి. పండగ తెల్లవారుజామున ఆరాధనకి వెలుగు ఆ కొసలదే. కొవ్వొత్తి నాలుగో గాటు దాకా కాలకపోతే ఆ ఇంటి ఆడది పండగనాడు లోపలికి రాకూడదు, వరండాలో కూచోవాలి. అలా కూచున్న మనిషిని ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. మన ఊరి భక్తి అంతటిదని పెద్దలు చెప్పుకునేవాళ్ళు.

ఆ ఊరికి కోడలిగా వచ్చిన పిల్ల పేరు లూదియ. అవతలి గట్టు ఊరి పిల్ల. మొగుడు దేవసహాయం. అత్త సంతోషమ్మ. పేరు సంతోషమ్మే గానీ, సంతోషించడానికి ఆవిడకి ఎన్నడూ తీరిక దొరకలేదు.

లూదియ వాళ్ళ నాన్న చిన్నప్పుడే పోయాడు. తల్లీ కూతురూ ఇద్దరే ఉండేవాళ్ళు. అక్కడా ఇలాంటి కొవ్వొత్తే ఇచ్చేవాళ్ళు. వాళ్ళమ్మ రోజూ సాయంత్రం అల్లుతున్న చాప పక్కన పెట్టి, కొవ్వొత్తి వెలిగించుకుని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, గుమ్మంకేసి చూస్తూ కూచునేది.

"ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగేది లూదియ.

"చూస్తున్నా," అనేది వాళ్ళమ్మ.

ఆవిడ అలా కూచోగలిగింది. ఏమే అని పిలిచేవాళ్ళు ఆ ఇంట్లో లేరు మరి. అది మంచో చెడో నన్నడక్కు.

ఆ తర్వాత లూదియకి పెళ్ళయింది. పెళ్ళయిన మూడో ఏట, సరిగ్గా ఆగమన కాలంలోనే, వాళ్ళమ్మకి జబ్బు చేసింది. మొదటి వారం పడవవాడితో కబురొచ్చింది, ఒంట్లో బాలేదు, ఒకసారి చూసి పొమ్మంటోంది అని. గోడలకి సున్నం వేసి వెళ్ళమంది అత్త. రెండో వారం మళ్ళీ కబురొచ్చింది. అరిసెలయ్యాక వెళ్ళమన్నాడు మొగుడు. మూడో వారం కబురు రాలేదు. మనుషులే వచ్చారు.

చివరి మూడు రోజులూ ఆవిడ మంచం గుమ్మం వైపు తిప్పించుకుందట. అటే చూస్తూ ఉందట.

లూదియ వెళ్ళి మట్టి వేసి వచ్చింది. ఆ తర్వాత మిగిలిన అరిసెలు వండింది. పండగ ఆగదు కదా.

ఏడాది తిరిగింది. మళ్ళీ ఆగమన కాలం వచ్చింది. అంతవరకూ అత్త తీసుకునే కొవ్వొత్తిని చర్చిలో ఈసారి లూదియ చేతికిచ్చారు. దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికొస్తూ లూదియ ఒక మాట అనుకుంది. మా అమ్మ నా కోసం చూసింది, నేను రాలేదు. ఈ నాలుగు గాట్లూ నేను నిజంగా కూచుంటాను. ఒక్క కొవ్వొత్తి కాలేంత సేపైనా గుమ్మంకేసి చూస్తాను.

అంతే ఆ పిల్ల కోరింది. పట్టుచీర అడగలేదు.

మొదటి వారం. సాయంత్రం ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని కూచుంది. కొవ్వొత్తి వెలిగించింది. చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. అలా పెట్టుకుంటే అరచేతులకి చలేసినట్టు అనిపించింది. అలవాటు లేదు పాపం.

అప్పుడు అరుగు మీంచి దేవసహాయం పిలిచాడు. ఆయన వెదురుబద్దలతో క్రిస్మస్ నక్షత్రం కడుతున్నాడు.

"ఏమే, కాస్త మైదా జిగురు ఉడికించి పెట్టు."

లూదియ కొవ్వొత్తి ఆర్పేసి లేచింది. జిగురు ఉడికించి ఇచ్చింది. వచ్చి మళ్ళీ వెలిగించి కూచుంది.

"ఏమే, కత్తెరెక్కడ?"

ఆర్పేసి వెళ్ళింది. కత్తెర ఆయన తొడ కిందే ఉంది. తీసి చేతిలో పెట్టింది. వచ్చి మళ్ళీ వెలిగించింది.

"ఏమే, ఈ దారం కాస్త పట్టుకో. నాకు రెండే చేతులున్నాయి."

"నాకూ రెండేనయ్యా," అంది లూదియ. అని, ఆర్పేసి వెళ్ళి పట్టుకుంది.

ఆ వారమంతా అలాగే గడిచింది. నక్షత్రం తయారైంది. ఎర్రకాగితం, పచ్చకాగితం, లోపల దీపం. పొడుగాటి వెదురుకి కట్టి ఎత్తారు. అంతా నేనే చేశానని దేవసహాయం వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. కొవ్వొత్తి చూస్తే గోరు మందమైనా తరగలేదు.

రెండో వారం పిండివంటలు మొదలయ్యాయి. బియ్యం నానబెట్టడం, వడెయ్యడం, రోట్లో దంచడం, జల్లెడ పట్టడం. సంతోషమ్మ నడుం బిగించి దిగితే ఇంట్లో పిల్లి కూడా పనిచెయ్యాల్సిందే.

లూదియ కొవ్వొత్తి ముందు కూచుందో లేదో వంటింట్లోంచి కేక వినపడింది.

"ఏమే లూదియా, పిండి ఆరిపోతోంది."

"పది నిమిషాలత్తా. వచ్చేస్తా."

"పది నిమిషాలు దేవుడు ఆగుతాడు. పిండి ఆగదు. ఆరిన పిండితో అరిసెలు చేస్తే చేతిలో విరిగిపోతాయి. విరిగిన అరిసెలు అయ్యగారింటికి ఏ మొహంతో పంపను?"

లూదియ ఆర్పేసి వెళ్ళింది. ఒకరోజు పిండి. ఇంకోరోజు పాకం ముదురుతోంది. మూడోరోజు నువ్వులు మాడుతున్నాయి. ఈ అత్త ఇలా గయ్యాళిదేమిటని అనుకోకు. సంతోషమ్మ కూడా ఆ ఇంటికి పదమూడేళ్ళ వయసులో వచ్చింది. ఆవిడ అత్తగారు ఆవిణ్ణి పిలిచిన గొంతుతోనే ఈవిడ లూదియని పిలుస్తోంది. ఆ ఇంట్లో గొంతు మారలేదు, మనుషులు మారారు.

రెండో వారమూ అయిపోయింది. కొవ్వొత్తి కొలిస్తే బియ్యపుగింజంత తరిగింది.

మూడో వారం ఏమైందో విను. చర్చి పెద్దలు ఇంటింటికీ తిరిగి బుద్ధి చెప్పే వారం అది. పాస్టరు అయ్యగారు, ఆయన వెనక సంఘ పెద్ద జకరయ్య, ఆయన వెనక మరో ఇద్దరు. ఈ ఆగమన కాలంలో మనసు ఎటూ పోకుండా నిలుపుకోవడం ఎలా అన్నది వాళ్ళు చెప్పబోయే విషయం.

సరిగ్గా లూదియ కొవ్వొత్తి వెలిగించి కూచున్నప్పుడే వచ్చారు.

అప్పుడు లూదియ లేచింది. కొవ్వొత్తి ఆర్పింది. చాప పరిచింది. టీ పెట్టింది. జకరయ్య గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా, ఆడవాళ్ళ మనసు మేకపిల్లలాంటిది. ఒకచోట ఉండదు. దాన్ని కట్టెయ్యాలి. ఈ నెల రోజులూ ఒకేచోట కూచుని, ఒకే తలంపు మీద... కాసిని మంచినీళ్ళు ఇస్తావా?"

లూదియ మంచినీళ్ళు తెచ్చింది.

"ఆ. ఒకే తలంపు మీద ఉండాలి. వంటింటి ధ్యాస వదిలెయ్యాలి. ఇదిగో, ఈ టీలో ఇంకొంచెం పంచదార పడితే బాగుండేది."

లూదియ పంచదార తెచ్చింది.

"జంతికలు వండినట్టున్నారే, వాసనొస్తోంది," అన్నాడు జకరయ్య వెనక ఉన్న పెద్దమనిషి.

లూదియ జంతికలు తెచ్చింది.

"ఇదిగో, ఇదే నేను చెప్పేది," అన్నాడు జకరయ్య జంతిక విరుస్తూ. "ఇలా లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటే మనసెలా నిలుస్తుందమ్మా?"

అయ్యగారు ఇంకా చిన్నవయసు మనిషి. ఆయన తల వంచుకుని టీ తాగారు. లూదియ గుమ్మం పక్కన నిలబడింది. నోరు తెరిస్తే ఇంకేదో తెమ్మంటారని భయం.

వాళ్ళు వెళ్ళేసరికి చీకటిపడింది. మిగిలిన రోజులు జంతికలకే సరిపోయి మూడో వారమూ పోయింది.

నిద్రొస్తోందా? రావట్లేదా? సరే.

నాలుగో వారం పొద్దున్నే పక్కింటి సలోమి వచ్చింది. సలోమి మాట పదునుగానీ మనిషి మెత్తన. లూదియ కొవ్వొత్తి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేంటే, నిన్న కొన్నట్టుంది. ఒక్క గాటు కూడా దిగలేదు."

"కూచోనిస్తేగా అక్కా. లేచినప్పుడల్లా ఆర్పేస్తున్నా."

"ఎందుకార్పడం? పొయ్యిగట్టు మీద పెట్టి వెలిగించు. నీ పని నువ్వు చేసుకో, దాని పని అది చేసుకుంటుంది. మాదంతా అలాగే కాలింది."

"మనిషి లేకుండా వెలగకూడదన్నారు కదా?"

"పిచ్చిదానా. ఈ ఊళ్ళో ఏ ఇంట్లో ఏ ఆడది కూచుందనుకున్నావు? నియమం పెట్టినవాళ్ళు వంటింట్లోకి తొంగిచూస్తారా ఎప్పుడైనా?"

లూదియకి ఆ మాట బాగానే ఉందనిపించింది. వరండాలో కూచోబెడితే ఊరంతా చూస్తుంది. మొగుడు తలెత్తుకోలేడు. అత్త ఊరుకోదు. అందుకని ఆ రోజు కొవ్వొత్తి పొయ్యిగట్టు మీద పెట్టి వెలిగించింది. చేతులు పిండిలో పెట్టి కలపడం మొదలుపెట్టింది. కొవ్వొత్తి చక్కగా, నిటారుగా, ఎవరినీ ఏమీ అడక్కుండా వెలిగింది.

పిండి కలుపుతూ కలుపుతూ లూదియ ఒకసారి తలెత్తి చూసింది. వెలుగు వంటింటి గుమ్మంకేసి పడుతోంది. దాని ముందు ఎవరూ లేరు. ఒంటరిగా, గుమ్మంకేసి చూస్తూ ఉంది.

లూదియ పిండిచేత్తోనే వత్తి నలిపేసింది. వేలు కాలింది. ఇంకెప్పుడూ దాన్ని ఒంటరిగా వెలిగించలేదు.

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం దేవసహాయం కొవ్వొత్తి చూశాడు.

"ఇదేంటి, ఇంకా ఇంతుంది?"

"కూచోనిచ్చారా?"

"కూచోవడం సంగతి ఎవరడిగారు? కాలిందా లేదా అని అడుగుతున్నా. పరువు పోతుందే నాది." అని వంటింట్లోంచి కత్తిపీట తెచ్చాడు. "నాలుగో గాటు దగ్గర కోసేద్దాం. పైన కాస్త సెగ చూపిస్తే కాలినట్టే ఉంటుంది."

నిజం చెప్పాలంటే తెలివైన ఆలోచనే. ఆయన ఇన్నేళ్ళ కాపురంలో ఒక వంటింటి వస్తువుని తనంతట తాను వెతుక్కుని తెచ్చుకోవడం అదే మొదటిసారి.

లూదియ ఆయన చేతిలోంచి కొవ్వొత్తి తీసుకుంది. "ఇది మా అమ్మది," అంది. దేవసహాయానికి ఆ మాట అర్థం కాలేదు. కానీ కత్తిపీట కింద పెట్టాడు.

సాయంత్రం చర్చిలో బల్ల మీద కొసలన్నీ వరసగా పెట్టారు. ముప్ఫై రెండు ఇళ్ళు. ముప్ఫై ఒక్క కొసలు ఒకే ఎత్తున, బొటనవేలంత ఉన్నాయి. చివర లూదియ కొవ్వొత్తి జానెడు పొడుగున నిలబడింది. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో నవ్వారు.

"వెలిగించలేదా అమ్మా?" అన్నారు అయ్యగారు.

"వెలిగించానండీ. లేచిన ప్రతిసారీ ఆర్పేశాను. మనిషి లేకుండా వెలగకూడదన్నారు కదా."

"నెల రోజుల్లో రోజుకి పది నిమిషాలు కూచోలేకపోయావా?" అన్నాడు జకరయ్య.

"మీరొచ్చిన రోజు కూచున్నానండీ. మీకు నీళ్ళు కావాల్సి వచ్చాయి. ఆ తర్వాత పంచదార. ఆ తర్వాత జంతికలు."

ఆడవాళ్ళ వైపు చిన్న దగ్గు వినపడింది. సలోమిది.

"మిగతా ఇళ్ళవాళ్ళకి లేని పనులా నీకు? వాళ్ళవి కాలలేదా?" అన్నాడు జకరయ్య.

లూదియ బల్ల మీదున్న కొసలకేసి చూసింది. ఏదో అనబోయింది. సలోమి మొహం చూసి ఊరుకుంది. ఊరందరినీ పట్టించి తను లోపల కూచోవడం ఆ పిల్లకి నచ్చలేదు.

ఆడవాళ్ళందరూ చాప అంచులకేసి చూస్తూ ఉండిపోయారు. సంతోషమ్మ కూడా చూస్తూనే ఉంది. అయ్యగారికి ఏదో చెప్పాలని ఉంది. కానీ నియమం నియమమే అన్నాడు జకరయ్య. పండగనాడు లూదియ వరండాలో కూచోవాలి అన్నాడు.

"సరేనండీ," అంది లూదియ. "నా కొవ్వొత్తి నాకిచ్చెయ్యండి. కాలకుండా మీకెందుకు?"

ఇచ్చేశారు.

మర్నాడు తెల్లవారుజామునే గంట మోగింది. దట్టంగా మంచు పట్టింది. మనిషికి మనిషి కనపడట్లేదు. కొత్తబట్టల గరగరలు, సబ్బువాసనలు. అందరూ చర్చి లోపలికి వెళ్ళారు. దేవసహాయం తలొంచుకుని వెళ్ళాడు. చర్చి వెనక, ఊరంతా కలిసి తినే ప్రేమవిందుకి పెద్ద గిన్నెల్లో అన్నం పొయ్యెక్కించారు. ప్రతి ఏడూ ఆడవాళ్ళు ఒక పాటకి లోపల, ఒక పాటకి పొయ్యి దగ్గర ఉండేవాళ్ళు.

లూదియ వరండాలో తనల్లిన చాప పరుచుకుంది. కొవ్వొత్తి వెలిగించింది. చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. ఎదురుగా కాలువగట్టు దారి. దారంతా మంచు.

కాసేపు అలవాటు కొద్దీ చెవులు రిక్కించింది, ఎవరు పిలుస్తారా అని. ఎవరూ పిలవలేదు. పిలవాల్సినవాళ్ళందరూ లోపలున్నారు. శిక్ష పడ్డ మనిషిని పనికి పిలవకూడదు కదా మరి. నెల రోజులుగా ఇంట్లో దొరకని చోటు, పెద్దమనుషులు వెలేసి మరీ ఇచ్చారు.

లూదియ దారికేసి చూసింది.

మొదటి పాట అయ్యేసరికి లోపల బల్ల మీద ముప్ఫై ఒక్క కొసలూ ఒక్కొక్కటే ఆరిపోయాయి. బొటనవేలంత కొసలు ఎంతసేపు వెలుగుతాయి. అప్పుడు లోపల్నుంచి ఎవరో బయటికి వచ్చారు. చూస్తే సంతోషమ్మ.

"చాప అటు జరుపు," అంది.

లూదియ జరిపింది. సంతోషమ్మ కాళ్ళు ముడుచుకుని కూచుంది. ఒళ్ళో చేతులు ఎలా పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు. కోడలి చేతుల్ని చూసి తనూ అలాగే పెట్టుకుంది.

"నలభై ఏళ్ళు మన ఇంటి కొవ్వొత్తి పొయ్యిగట్టు మీద కాలింది," అంది ఆవిడ దారికేసి చూస్తూ. "దాని వెలుగులో అరిసెలొత్తాను. ఒక్కరోజు కూచోలేదు."

మళ్ళీ తనే, "పోయినేడు నిన్ను పంపాల్సింది," అంది.

లూదియ చాప ఇంకొంచెం జరిపింది.

ఆ తర్వాత సలోమి వచ్చి కూచుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. చాప చాలకపోతే ఇంకో చాప పరిచారు. చాపలకేం కరువా ఆ ఊళ్ళో. మొదటి గాటు దిగేసరికి వరండా నిండిపోయింది. లోపల పాటలో పైగొంతులు పోయాయి. అడుగు గొంతులే మిగిలాయి.

అప్పుడు దేవసహాయం బయటికొచ్చాడు.

"ఏమే, అన్నం మాడుతోంది."

లూదియ లేవబోయింది. సంతోషమ్మ కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది.

"కొవ్వొత్తి వెలుగుతోంది, కనపట్లేదురా?" అంది కొడుకుతో. "గరిటె అక్కడే ఉంది. నీ తొడ కింద వెతుక్కో."

ఆయన చర్చి వెనక్కి వెళ్ళాడు. గరిటె గిన్నెకి తగులుతున్న చప్పుడు వినపడింది.

రెండో గాటు దిగింది. అప్పుడు జకరయ్య వచ్చాడు.

"లోపల చీకటిగా ఉంది. అయ్యగారికి అక్షరాలు కనపడట్లేదు. ఆ కొవ్వొత్తి ఇలా ఇవ్వండమ్మా."

"దాని ముందు మనిషి ఉండాలి కదండీ పెద్దయ్యా," అంది సలోమి. "మనిషిని వరండాలో కూచోబెట్టారు. ఇక కొవ్వొత్తి లోపలికెలా వస్తుంది? నియమం నియమమే."

జకరయ్య లోపలికి వెళ్ళిపోయాడు.

మూడోసారి అయ్యగారే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నోరు తెరిచారు. వరండా నిండా కూచున్న ఆడవాళ్ళని, ఒళ్ళో ఖాళీగా ఉన్న అన్ని చేతుల్ని చూశారు. నోరు మూసుకుని లోపలికి వెళ్ళారు. పుస్తకం కనపడక ఆ రోజు ప్రసంగం పావుగంటలో ముగించేశారు. ఊళ్ళో చాలామంది ఆ క్రిస్మస్‌ని అందుకే గుర్తుపెట్టుకున్నారని కూడా అంటారు.

ఆరాధన అయిపోయింది. మగవాళ్ళు, పిల్లలు బయటికొచ్చారు. వరండా దాటి వెళ్ళడానికి దారి లేదు. ఆకలేస్తోంది. మాడు వాసనొస్తోంది. విస్తళ్ళు వేసేవాళ్ళు కూచుని ఉన్నారు. కొవ్వొత్తి ఇంకా ఒక గాటు మిగిలి ఉంది.

అప్పుడు ఏం చేస్తారు? నిలబడ్డారు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డారు. మాట్లాడితే సంతోషమ్మ అటు తిరిగి చూస్తుందని మాట్లాడకుండా నిలబడ్డారు. ఎదురుచూడ్డం గురించి అన్నేళ్ళు ఆ ఊళ్ళో ప్రసంగాలు విన్నారు గానీ, ఎదురుచూసింది ఆ పూటే.

మంచు వీడింది. కాలువగట్టు దారి కనపడింది. తడిసిన తుంగ, ఖాళీ దారి.

లూదియ దారికేసే చూస్తూ ఉంది. దారిమీద ఎవరూ రాలేదు. రావాల్సిన మనిషి రాదని లూదియకి తెలుసు. తెలిసే చూసింది. వాళ్ళమ్మ కూడా ఆ మూడు రోజులూ తెలిసే చూసి ఉంటుంది. చూడ్డమంటే ఏమిటో ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. అరచేతులకి ఎండ తగిలి వెచ్చబడ్డాయి.

నాలుగో గాటు దిగింది. లూదియ వంగి, నోటితో మెల్లిగా ఊదింది.

ఆ తర్వాత అందరూ కూచుని మాడిన అన్నం తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకొంచెం పులుసు పోసుకున్నారంతే.

మరుసటి ఏడు నుంచి ఆ ఊళ్ళో గాట్లు చూడ్డం మానేశారు. సాయంత్రం కొవ్వొత్తి వెలిగిందంటే ఆ పది నిమిషాలూ ఆ ఇంటి పొయ్యి మగవాళ్ళది. మొదట్లో ఊరంతా మాడు వాసనే. పోనుపోను తగ్గింది.

అదమ్మా కథ. నువ్వేదో అడగబోతున్నావు, నాకు తెలుసు. మంచినీళ్ళు గ్లాసులో పోసి నీ తల దగ్గరే పెట్టాను. బొమ్మ నీ కాళ్ళ దగ్గరుంది. కత్తెరతో నీకు పని లేదు. అటు కిటికీలో చూడు, నా కొవ్వొత్తి మొదటి గాటు కూడా దిగలేదింకా. నేను కాసేపు అక్కడ కూచుంటాను. పిలవకు.

కథ నడిచి నడిచి కంచి చేరింది,
కొవ్వొత్తి కరిగి కొసకు చేరింది,
పాపాయి కన్ను మూతకొచ్చింది,
అమ్మమ్మ చెయ్యి ఖాళీ అయింది.